ఫ్రెండ్ రాసిన వ్యాసం చదివి "బాగుంది" కాక ఇంకేం రాయాలి?

రాజోలు_కుర్రాడు

అందరికీ నమస్తే. డిగ్రీ ఫస్టియర్ చదువుతున్నా. మా తెలుగు మేడమ్ ఈ సెమిస్టర్‌లో ఒప్పించే వ్యాసం రాయమన్నారు. పర్సువేసివ్ ఎస్సే అంటారే, అదే. ఏదో ఒక విషయం మీద ఒక పక్షం పట్టుకుని, చదివేవాళ్లని మన వైపు తిప్పుకోవాలి. అంతవరకూ ఇబ్బంది లేదు. రాశాక వ్యాసాలు మార్చుకుని, ఒకరి దాని మీద ఇంకొకరు ఒక పేజీ అభిప్రాయం రాసివ్వాలట. దానికీ మార్కులున్నాయి.

నాకు మా క్లాస్ అమ్మాయి వ్యాసం వచ్చింది. "చాలా బాగుంది, చక్కగా రాశావు, అక్కడక్కడా అక్షరదోషాలున్నాయి, సరిచూసుకో" అని రాసిచ్చా. మేడమ్ చూసి "ఇది ఏ వ్యాసం కిందైనా అతికించొచ్చు. మళ్లీ రాయి" అని తిప్పికొట్టారు. కానీ ఇంకేం రాయాలో నిజంగానే తోచట్లేదు. వ్యాసం నాకు నచ్చింది, నేనూ అదే పక్షం. ఎలా చదవాలి? ఏం అడగాలి?

ఉద్దానం_మాస్టారు

బాబూ, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. నీ చిక్కు ఎక్కడుందో నువ్వే చెప్పేశావు: "నేనూ అదే పక్షం". ముందే ఒప్పేసుకున్నవాడు ఈ రకం వ్యాసానికి పనికొచ్చే పాఠకుడు కాడు. వాడికి ప్రతి వాక్యమూ నిజంగానే కనిపిస్తుంది, ఎక్కడ బలం ఉందో ఎక్కడ లేదో తెలీదు.

మన శాస్త్రగ్రంథాల్లో వాదం నడిపే పద్ధతి ఒకటుంది. ముందు పూర్వపక్షం. అంటే ఎదుటివాడి మాటని, వాడే విని "అవును, నేననేది అదే" అనేంత బాగా చెప్పాలి. ఆ తర్వాతే ఖండన, చివరికి సిద్ధాంతం. నీ స్నేహితురాలికి నువ్వు చేయగల సాయం ఆ పూర్వపక్షంలో కూర్చుని చదవడమే. నీ సొంత అభిప్రాయం కాసేపు పక్కన పెట్టు. ఏ వాక్యం దగ్గర "అవునా, నీకెలా తెలుసు?" అనబుద్ధయిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత గియ్యి. ఎందుకు అనిపించిందో ఆ గీత పక్కనే రాయి. నీ పేజీ దానంతటదే నిండుతుంది.

అక్షరదోషాల సంగతి ఆఖరున. ముందే ళకీ లకీ, ణకీ నకీ తగువు పెడితే రాసినవాళ్లు వాటిని దిద్దుకుని పని అయిపోయిందనుకుంటారు. రేపు మొత్తంగా కొట్టేయాల్సిన పేరాలో వత్తులు సరిచేసి ఏం లాభం?

అశోక్‌నగర్_అన్న

తమ్మీ, నేను గ్రూప్ వన్‌కి చదువుతున్న. మాకు జనరల్ ఎస్సే పేపర్ ఉంటది, మూడు గంటల్ల మూడు వ్యాసాలు, 150 మార్కులు. రూంల ఉన్నోళ్లం రాసినయి మార్చుకుంటం. నేను చేసేది చెప్త. ఒక్కసారి ఆపకుండ చదువుత. కాగితం బోర్లించి, "ఈయన నన్ను ఏం ఒప్పుకోమంటుండు" అనేది ఒక్క వాక్యంల రాస్త. అది రాసినాయనకు చూపిస్త. "అరే, నేను అన్నది అది కాదు కదా" అన్నడంటే ఇగ సగం ఫీడ్‌బ్యాక్ అక్కడనే అయిపోయినట్టు. తప్పు చదివినోనిదా రాసినోనిదా అని కొట్లాడుడు వద్దు. పేపర్ దిద్దెటాయన పక్కన మనం కూసొని అర్థం చెప్పం కదా.

ఇంకోటి. "నువ్వు ఇట్ల రాయాల్సింది" అని మొదలువెట్టకు. "నేను చదివినప్పుడు నాకు ఇట్ల అనిపించింది" అను. మొదటిదాంతోని కొట్లాట అయితది. రెండోదాంతోని కాదు, ఎందుకంటే నీకు అనిపించింది అనిపించలేదని ఎవరూ అనలేరు.

ఫ్రిస్కో_అమ్మ

మేం టెక్సాస్‌లో ఉంటాం. మా వాడు ఏడో తరగతి. ఇక్కడ బళ్లలో ఈ మార్చుకుని చూడ్డం చిన్నప్పటి నుంచే మొదలవుతుంది. ఒక కాగితం ఇస్తారు: నచ్చినదొకటి చెప్పు, ప్రశ్న ఒకటి అడుగు, సలహా ఒకటి ఇవ్వు. పై తరగతులకి వచ్చేసరికి వాదం ఏంటి, ఆధారం ఏంటి, ఎదుటి వాదానికి జవాబు చెప్పారా అని గడులుంటాయి. వినడానికి బాగానే ఉంటుంది. మా వాడి కాగితాలు చూస్తే మాత్రం ప్రతిదాంట్లో "మొదలు బాగుంది, ఇంకా వివరాలు రాస్తే బాగుండేది" అనే ఉంటాయి. గడి ఉంది కాబట్టి నింపుతారు, అంతే. కాబట్టి ఫారం దొరికితే పనైపోతుందని అనుకోకు తమ్ముడూ.

రాన్ బెర్గర్ అని ఇక్కడ ఒక టీచర్ ఉన్నారు. తోటివాళ్లకి చెప్పే మాట దయగా ఉండాలి, ఫలానా చోట అని చూపించేలా ఉండాలి, పనికొచ్చేలా ఉండాలి అంటారాయన. ఐడహోలో ఒక ఒకటో తరగతి పిల్లాడు సీతాకోకచిలుక బొమ్మ గీస్తే, తోటి పిల్లలు "రెక్క కొసలు ఇంకా సూదిగా ఉండాలి", "కింద తోకలు రావాలి" అని ఫొటోతో పోల్చి చెబుతూ పోయారు. పిల్లాడు తిరిగి తిరిగి గీశాడు. ఆఖరి బొమ్మ చూస్తే ఆ వయసు పిల్లాడు గీశాడంటే నమ్మలేం. ఆ పిల్లల్లో ఎవరూ "బాగా గీయి" అనలేదు, గమనించావా? రెక్క గురించి చెప్పారు, తోక గురించి చెప్పారు.

డెస్క్_పురుగు

సబెడిటర్ని. రోజూ సంపాదకీయ పేజీకి వచ్చే వ్యాసాలు చూస్తుంటా. వ్యాసం చూడకుండా ఎన్ని సలహాలిచ్చినా గాల్లోనే ఉంటాయి. ఆ అమ్మాయిని అడిగి, ఒప్పుకుంటే ఒక పేరా ఇక్కడ పెట్టు. పేరు వద్దు. అందరం చదివి ఎవరికి ఎక్కడ ఆగాలనిపించిందో చెబుతాం.

రాజోలు_కుర్రాడు

అడిగాను. "పెట్టుకో, కానీ నేనూ చూస్తా" అంది. వ్యాసం విషయం: బండి వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ ఉండాలి. మొదటి పేరా ఇది:

"మన దేశంలో ఏటా లక్షలాది మంది హెల్మెట్ లేకపోవడం వల్ల చనిపోతున్నారు. బండి నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికి కూడా ప్రాణం ఉంటుంది. హెల్మెట్ పెట్టుకోనివారు మూర్ఖులు, కుటుంబం పట్ల బాధ్యత లేనివారు. హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని అందరికీ తెలుసు. కొందరు ఎండ అని, జుట్టు ఊడిపోతుందని కుంటి సాకులు చెబుతారు. ప్రభుత్వం వెంటనే వెనక కూర్చునేవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి చేస్తూ చట్టం తేవాలి. ప్రాణం కంటే విలువైనది ఏదీ లేదు, కాబట్టి అందరూ ఆలోచించాలి."

నాకైతే ఇందులో రెండో వాక్యం బాగా నచ్చింది.

లెక్కల_పంతులమ్మ

రెండో వాక్యం నాకూ నచ్చింది. నేను ఆగింది మొదటి వాక్యం దగ్గరే. "లక్షలాది" అన్న మాట దగ్గర.

కేంద్ర రవాణా శాఖ ఏటా రోడ్డు ప్రమాదాల నివేదిక వేస్తుంది. 2022లో దేశం మొత్తం మీద అన్ని రకాల రోడ్డు ప్రమాదాల్లోనూ కలిపి చనిపోయినవారు 1,68,491 మంది. లారీలు, కార్లు, నడిచి వెళ్లేవాళ్లు అందరూ అందులో ఉన్నారు. వాళ్లలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029. ఆ యాభై వేలలో బండి నడిపేవాళ్లు 35,692, వెనక కూర్చున్నవాళ్లు 14,337. ఈ వ్యాసానికి కావాల్సింది ఆ చివరి అంకె. లక్షలాది కన్నా చిన్నదే. అయినా బలం దానికే ఎక్కువ, ఎందుకంటే అది సరిగ్గా ఈ అమ్మాయి ఎవరి గురించి మాట్లాడుతోందో వాళ్ల లెక్క. పెద్ద అంకె వేస్తే గట్టిగా ఉంటుందని పిల్లలు అనుకుంటారు. తెలిసినవాడు ఒక్కడు చదివి "ఇది తప్పు" అనుకున్నాడా, ఆ తర్వాత రాసిన నిజాలు కూడా వాడికి అనుమానంగానే కనిపిస్తాయి.

ఇంకో గీత "వల్ల" అన్న మాట కింద గీశాను. హెల్మెట్ లేకుండా చనిపోవడం వేరు, హెల్మెట్ లేకపోవడం వల్ల చనిపోవడం వేరు. పెట్టుకుని ఉంటే వాళ్లందరూ బతికేవారా? కాదు. మోటారు సైకిల్ హెల్మెట్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2008 నాటి సమీక్ష ఒకటుంది, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ అనే సంస్థది. హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తలకి గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుందని అందులో తేలింది. ఈ రెండు అంకెలూ ఉంటే "అందరికీ తెలుసు" అనే వాక్యంతో పనే లేదు.

బాబూ, ఇదంతా నువ్వు వెతికి పెట్టాలని కాదు. "లక్షలాది అన్నావు, ఈ లెక్క ఎక్కడిది?" అని అడిగితే చాలు. వెతుక్కోవడం ఆ అమ్మాయి పని.

డెస్క్_పురుగు

నేను ఆగింది ఆరో వాక్యం దగ్గర. "వెంటనే చట్టం తేవాలి." చట్టం ఉంది కదా! 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ నడిపేవాళ్లనీ ఎక్కి కూర్చున్నవాళ్లనీ కలిపే చెబుతుంది. తలపాగా కట్టుకున్న సిక్కులకి మినహాయింపు. 2019 సవరణలో వచ్చిన 194డి ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు కూడా ఉన్నాయి.

అంటే వ్యాసం మొత్తం దేనికోసం రాశారో అది ముందే ఉంది. ఇది చిన్న తప్పు కాదు, పునాది. చదివేవాడు "ఉన్న చట్టాన్నే తెమ్మంటోందే" అనుకున్నాడంటే పేజీ తిప్పేస్తాడు. అందుకని మీ అభిప్రాయం పేజీలో ఇది మొట్టమొదట రావాలి. మిగతా పదిహేను లోపాలూ దీని ముందు దిగదుడుపే. అసలు ఆ పదిహేనూ రాయొద్దు కూడా. రెండు మూడు పెద్దవి రాసి ఊరుకో. ఎర్ర సిరాతో నిండిపోయిన కాగితం చూసి ఎవరూ తిరగరాయరు, సొరుగులో పడేస్తారు.

అయితే ఇందులో మంచి ప్రశ్న ఒకటి పుడుతోంది. చట్టం ఉండీ ఎవరూ ఎందుకు పాటించట్లేదు? అసలు వ్యాసం అక్కడుంది.

గోదారి_గట్టు

నేనొక మాట చెప్తానండి, ఎవరూ కోప్పడకండి. నేను హెల్మెట్ పెట్టుకోని మనిషినే. నాకు ఒకటుంది, హైవే ఎక్కితే పెట్టుకుంటా. మా ఆవిడకి లేదు. మీరంతా లెక్కలు, సెక్షన్లు చూస్తున్నారు గానీ, ఆ వ్యాసం నాబోటి వాళ్ల కోసమే కదా రాసింది? నేను మూడో వాక్యం దగ్గర ఆగిపోయా. మూర్ఖుణ్ణన్నారు. సరేలే అని మూసేశా. మిగతాది మీ మాటల్లో చూశా తప్ప నేను చదవలేదు.

సాకులన్నారు. మా ఆవిడ కొప్పు పెట్టుకుని పూలు పెట్టుకుంటుంది, హెల్మెట్ కూర్చోదు. గుడికెళ్లినా సంతకెళ్లినా బండి స్టాండులో పెడితే రెండు హెల్మెట్లు చేత్తో పట్టుకు తిరగాలి, సంచులు ఎవరు మోస్తారు? ఎండ సాకు కాదండి, ఒక్కసారి మే నెలలో రెంటచింతల వచ్చి హెల్మెట్ పెట్టుకుని సెంటర్లో నిలబడమనండి. ఊళ్లో కిలోమీటరు దూరానికి అవసరమా అనేది ఇంకొకటి. వీటిలో ఒక్కదానికి జవాబు చెప్పినా చదువుదును.

ఉద్దానం_మాస్టారు

రాజోలు బాబూ, నువ్వు అదృష్టవంతుడివి. పూర్వపక్షం తనే నడుచుకుంటూ వచ్చి కూర్చుంది. గట్టు గారూ, మీరు చెప్పినదంతా ఆ అమ్మాయికి దొరికిన బంగారం. "ఎండ, జుట్టు" అని తను ఊహించుకున్న సాకులు రెండే. మీరు చెప్పినవి తనకి తెలియనే తెలియవు. రెండు హెల్మెట్లు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకి ఏ లెక్కా జవాబు చెప్పదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒకటి. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు వాదించినప్పుడు ఆయన చేసిన పని చూడండి. వ్యావహారికం మంచిదని కేకలు వేసి ఊరుకోలేదు. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాలు తీసి, వాళ్ల గ్రాంథికంలోనే వాళ్ల వ్యాకరణం ప్రకారమే తప్పులు ఏరి చూపించారు. ఎదుటివాడి మాట అంత దగ్గరగా చదివినవాడు కాబట్టే గెలిచాడు.

అశోక్‌నగర్_అన్న

మాస్టారు, అది ప్రత్యర్థుల మీద. క్లాస్‌మేట్ మీద గిడుగు గారి లెక్క వడితే దోస్తాన ఖతం 😄

వ్యాసం_నాదే

ఇది నా వ్యాసం. రాత్రి నుంచీ చూస్తున్నా.

ముందు లెక్కల పంతులమ్మ గారికి, డెస్క్ అన్నకి థాంక్స్. చట్టం సంగతి నిజంగా తెలీదు, ఇంట్లో ఎవరికీ తెలీదు. అది మార్చేస్తా. కానీ ఒకటి అడగాలి. మాస్టారు, గట్టు గారు "మూర్ఖులు" తీసేయమంటున్నారు. కోపం లేకుండా రాస్తే వ్యాసం చప్పగా ఉండదా? నిన్న మా ఫ్రెండ్ ఇంకొకమ్మాయి చదివి "ఆ లైన్ అదిరింది, అదే ఉంచు" అంది. ఎవరి మాట వినాలి? ఇద్దరు చదివితే ఇద్దరూ చెరో మాట చెబుతుంటే ఈ ఫీడ్‌బ్యాక్ వల్ల ఉపయోగం ఏంటి?

ఉద్దానం_మాస్టారు

తల్లీ, ఆ మాట తీసేయమని నేను అనలేదు, ఆయనా అనలేదు. ఆయన అక్కడ ఆగిపోయానన్నారు. నీ స్నేహితురాలికి అక్కడే ఉత్సాహం వచ్చింది. ఇద్దరూ వేలు పెట్టింది ఒక్క వాక్యం మీదే, చూశావా? చదివినవాళ్లు తమకి ఎక్కడ ఏమనిపించిందో చెప్పినప్పుడు నమ్ము. ఎలా బాగుచేయాలో చెప్పినప్పుడు ఆలోచించు, అది నీ ఇష్టం.

ఇక ఎవరి మాట వినాలంటే, ముందు నువ్వు ఎవరిని ఒప్పించాలో తేల్చుకో. నీ స్నేహితురాలు ముందే నీ వైపు ఉంది. ఆమె చప్పట్లు కావాలా, గట్టు గారి ఆవిడ తల మీద హెల్మెట్ కావాలా?

డెస్క్_పురుగు

కోపం తీసేయక్కర్లేదు అమ్మాయ్. ఎవరి మీద అన్నదే మార్చు. హెల్మెట్ పెట్టుకోని మనిషి మీద కాకుండా, ముప్పై ఏళ్లు దాటినా చట్టం కాగితం మీదే ఉండిపోయిందన్న దాని మీద కోపం చూపించు. అప్పుడు గట్టు గారు కూడా నీతో కలిసి కోప్పడతారు. ఇది కూడా సలహానే, నీ ఇష్టం 🙂

ఫ్రిస్కో_అమ్మ

నాకు ఇక్కడ ఒకటి చెప్పాలనిపిస్తోంది. అమ్మాయి వచ్చి "ఎవరి మాట వినాలి" అని అడిగింది చూడండి, మా వాళ్ల బళ్లో ఈ మెట్టే ఉండదు. కాగితం ఇచ్చేస్తారు, తీసుకున్నవాడు ఫైల్లో పెట్టేస్తాడు. రాజోలు తమ్ముడూ, నువ్వు పేజీ ఇచ్చాక ఓ పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. తను ముందు నీ మాటంతా విని, సమర్థించుకోకుండా రాసుకోవాలి. తర్వాతే తన ప్రశ్నలు. వెంటనే "లేదు, నా ఉద్దేశం అది కాదు" అని మొదలైతే నువ్వు మర్యాదకి "అవునవును" అనేస్తావు, అక్కడితో ఆగిపోతుంది.

రాజోలు_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. నేను మళ్లీ రాసిన పేజీలో కొంత ఇది, చూడండి:

"నీ రెండో వాక్యం చాలా బాగుంది, ఎందుకంటే వెనక కూర్చున్నవాళ్లని అందరూ మర్చిపోతారన్న సంగతి ఆ ఒక్క వాక్యం గుర్తు చేసింది. నాకు నువ్వు ఏం కోరుతున్నావో సరిగా అర్థం కాలేదు, చట్టం ఇప్పటికే ఉంది. లక్షలాది అన్న లెక్క ఎక్కడిది? మూడో వాక్యానికి బదులు ఇలా రాయి: 'హెల్మెట్ ధరించని సోదర సోదరీమణులారా, మీ కుటుంబం మీ కోసం ఎదురుచూస్తోందని మరువకండి.' అయిదో వాక్యానికి బదులు: 'ఎండ, జుట్టు వంటి సమస్యలున్నా ప్రాణం ముఖ్యం కదా!' చివరి వాక్యానికి బదులు: 'హెల్మెటే మన రక్షా కవచం.'"

డెస్క్_పురుగు

మొదటి మూడు వాక్యాలు చక్కగా ఉన్నాయి. ముఖ్యంగా నచ్చింది ఎందుకు నచ్చిందో చెప్పావు, అది అందరూ చేయరు. బాగున్నది తెలిస్తేనే తను మార్చేటప్పుడు దాన్ని పాడుచేయకుండా ఉంటుంది.

"ఇలా రాయి" దగ్గర నుంచి మాత్రం నువ్వు తన వ్యాసం రాసేయడం మొదలుపెట్టావు. డెస్క్‌లో మాకు ఆ హక్కు ఉంది, టైం లేదు కాబట్టి కాపీ తిరగరాసేస్తాం. నీకు లేదు. తను నీ వాక్యాలు పెట్టుకుంటే మార్కులు ఎవరికి వేయాలి? పైగా సోదర సోదరీమణులారా అని ఆ అమ్మాయి ఎప్పుడైనా మాట్లాడుతుందా?

వ్యాసం_నాదే

మాట్లాడను 😂

లెక్కల_పంతులమ్మ

ఆ మూడు వాక్యాల్నీ ప్రశ్నలుగా మార్చు బాబూ. "మూడో వాక్యం చదివితే హెల్మెట్ పెట్టుకోనివాడు ఏమనుకుంటాడు?" "ఎండ, జుట్టు కాక ఇంకేం కారణాలుంటాయి, ఎవరినైనా అడిగావా?" "ఆఖరి వాక్యం చదివాక నేను రేపు పొద్దున ఏం చేయాలి?" అంతే. ప్రశ్న అడిగితే తనే ఆలోచిస్తుంది. జవాబు నువ్వే ఇచ్చేస్తే అక్కడ అతికిస్తుంది.

రాజోలు_కుర్రాడు

సరే మేడమ్. మార్చి ఇచ్చేశా. ఆ మూడు ప్రశ్నలూ మీ దగ్గర్నుంచి తీసుకున్నవేనని పేజీ కింద రాశా.

వ్యాసం_నాదే

కొత్త పేరా. ఇంకా పూర్తవలేదు.

"2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారిలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. ఇది కేంద్ర రవాణా శాఖ చెప్పిన లెక్క. హెల్మెట్ ఉంటే వీరందరూ బతికేవారని చెప్పలేను. చావు ముప్పు 42 శాతం తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి, ఇది వేల ప్రాణాల సంగతి అని మాత్రం చెప్పగలను. వెనక కూర్చున్నవారు కూడా పెట్టుకోవాలని చట్టం 1988 నుంచీ అంటూనే ఉంది. మరి ఎందుకు పెట్టుకోరు? అడిగి చూశాను. కొప్పు మీద కూర్చోదన్నారు. ఎండలో ఉడికిపోతుందన్నారు. సంతలో రెండు హెల్మెట్లు పట్టుకుని సంచులు మోయలేమన్నారు. ఇవి సాకులు కావు, ఇబ్బందులు. ఇబ్బందిని తీర్చకుండా జరిమానా వేస్తే జనం పోలీసు ఉన్న వీధి తప్పించి వెళతారు. అందుకే ముందు మన కాలేజీతో మొదలుపెట్టమని ప్రిన్సిపాల్ గారిని అడుగుతున్నాను. బండ్ల స్టాండులో హెల్మెట్లు పెట్టుకోవడానికి తాళం వేసే అరలు కట్టించండి. ఆ తర్వాత, వెనక కూర్చున్నవారికి హెల్మెట్ లేని బండిని గేటు లోపలికి రానివ్వకండి. బండి నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికి కూడా ప్రాణం ఉంటుంది."

లెక్కల_పంతులమ్మ

"చెప్పలేను, ఇది మాత్రం చెప్పగలను" అన్నచోట నేను పూర్తిగా నీ వైపు వచ్చేశాను. తెలిసినంతే చెబుతోంది అన్న నమ్మకం కలిగింది.

ఒక్క గీత. ఎందరిని అడిగావో, ఎవరిని అడిగావో తెలియట్లేదు. "మా వీధిలో ఆడవాళ్లని" అని ఉన్నా చాలు.

అశోక్‌నగర్_అన్న

కాగితం బోర్లించి రాస్తున్న: "కాలేజీ అరలు కట్టియ్యాలె, ఆనక గేటు దగ్గర ఆపాలె." కరెక్టేనా చెల్లె? మొదటిదాంట్ల నాకు ఏం రాయాల్నో దొరకలే, ఇప్పుడు ఊపిరి తీసుకోకుండ రాసిన. ఒక్క అనుమానం. ప్రిన్సిపాల్ సార్ "అరలకు పైసలేడియి" అంటడు. దానికి ఒక లైన్ పెట్టుకో.

డెస్క్_పురుగు

బాగా వచ్చింది. నాకు మిగిలిన పేచీ ఒక్కటే, ఆఖరి వాక్యం. అరలు, గేటు అని గట్టిగా అడిగాక అక్కడే ఆగితే ప్రిన్సిపాల్ చేతిలో పని మిగులుతుంది. మళ్లీ ప్రాణం గురించి చెబితే అది చల్లారుతుంది. ఆ వాక్యం పైకి తీసుకెళ్లి 14,337 పక్కన పెడితే ఎలా ఉంటుంది?

గోదారి_గట్టు

ఈసారి చివరిదాకా చదివానండి. కొప్పు సంగతికి ఇంకా జవాబు రాలేదు, అది రాయాలి. మా ఆవిడకి చూపించా. "అరలు మన సంత దగ్గర కూడా కట్టిస్తారా అడుగు" అంది. ఇంకా కొనలేదు, అబద్ధం చెప్పను. మంచి హెల్మెట్ ఎలా గుర్తుపట్టాలి, రోడ్డు పక్కన రెండొందలకి అమ్మేవి పనికొస్తాయా?

లెక్కల_పంతులమ్మ

రోడ్డు పక్కవి వద్దు గట్టు గారూ. ఐఎస్ఐ గుర్తు, దాంతో పాటు ఐఎస్ 4151 అన్న అంకె ఉందో లేదో చూడండి. 2021 జూన్ నుంచి ఆ ప్రమాణం లేనివి అమ్మడమే నిషేధం. సైజు ఆవిడ తలకే చూసి కొనండి, మీ తలకి కాదు.

వ్యాసం_నాదే

అన్నా, పైసల లైన్ రాస్తున్నా. మేడమ్, ఎవరిని అడిగానో కూడా పెడతా. మా వీధి, మా అమ్మ వాళ్ల కుట్టు సెంటర్. గట్టు గారూ, కొప్పు సంగతి ఆ సెంటర్లోనే మళ్లీ అడుగుతా, నాకూ జవాబు తెలీదు.

డెస్క్ అన్నా, ఆఖరి వాక్యం మాత్రం మార్చను. మీరు చెప్పింది అర్థమైంది, పైకి పెట్టి కూడా చూశా. నాకు అది చివరే కావాలి.

డెస్క్_పురుగు

నీ వ్యాసం, నీ ఇష్టం. అలాగే ఉంచు.